చూపు లేనివారు పది రోజుల మౌన ధ్యాన శిబిరంలో కూర్చోగలరా?

ప్రశ్న: గంటస్తంభం (విజయనగరం)

అందరికీ నమస్కారం.

నేను విజయనగరం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. చిన్నతనంలో రేచీకటిగా మొదలైన రెటినైటిస్ పిగ్మెంటోసా నా చూపును అంచుల నుంచి లోపలికి ఏళ్ళ తరబడి కుదించుకుంటూ వచ్చింది. ఇప్పుడు నాకు నలభై ఆరేళ్ళు. గదిలో దీపం వెలుగుతున్నదో లేదో కూడా తెలియదు. బడికి తెల్లకర్రతో ఒక్కడినే వెళ్ళి వస్తాను, ఫోన్‌లో తెర మీది అక్షరాలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ సాయంతో పాఠాలు సిద్ధం చేసుకుంటాను. రోజువారీ బతుకు గురించి నాకు సలహాలు అక్కరలేదని, నా ప్రశ్న వేరొక దాని గురించని తెలియడానికే ఇదంతా ముందుగా చెప్పాను.

రెండేళ్ళుగా తెల్లవారుజామున అరగంట సేపు శ్వాసను గమనిస్తూ కూర్చునే అలవాటు చేసుకున్నాను. గోయెంకా గారి పద్ధతిలో నేర్పే పది రోజుల విపశ్యన (శ్వాసనూ, శరీర సంవేదనలనూ గమనించే ధ్యానం) శిబిరంలో ఒక్కసారైనా కూర్చోవాలని నా కోరిక. పోయిన సంవత్సరం ఒక కేంద్రానికి ఫోన్ చేస్తే, తోడు ఎవరినైనా తెచ్చుకోమన్నారు. నా భార్య వస్తుందన్నాను. ఆడవారికీ మగవారికీ వసతి, భోజనశాల, నడిచే దారి అన్నీ వేరు కనుక ఆమె తోడు కుదరదన్నారు. పోనీ, మా బావమరిదిని తెస్తానన్నాను. ఆయన కూడా సాధకుడిగానే కూర్చోవాలని, మౌనం పాటించాలని, నాతో మాట్లాడకూడదని, నన్ను ముట్టుకోకూడదని చెప్పారు. అటువంటప్పుడు తోడు దేనికండీ అని అడిగితే, కనుక్కుని చెబుతామన్నారు. మళ్ళీ ఫోన్ రాలేదు. మాట్లాడినవారు మర్యాదగానే మాట్లాడారు, కాని ఆయన దగ్గర నాకు ఇవ్వడానికి జవాబు లేదు.

నియమావళి మొత్తం మా అమ్మాయి చేత చదివించుకుని విన్నాను. మొదటి తొమ్మిది రోజులూ ఆర్యమౌనం, అంటే మాటే కాదు, సైగ కూడా కూడదు. ఫోన్ కార్యాలయంలో అప్పగించాలి. చదవకూడదు, రాయకూడదు. ఇవేవీ నాకు కష్టమైనవి కావు. అయితే ఆ ఫోనే నా గడియారం, నా కళ్ళజోడు. దినచర్య, ఆచార్యులను కలిసే వేళలు, ఆ రోజుకు ఇచ్చే సూచనలు గోడ మీద కాగితాలుగా అంటిస్తారట. అవి నాకు ఎవరు చదివి చెప్పాలి? తెల్లవారుజామున నాలుగు గంటలకు గంట కొట్టిన తర్వాత గది నుంచి ధ్యాన మందిరానికి, అక్కడ నా ఆసనం దగ్గరికి ఎవరినీ తొక్కకుండా ఎలా చేరాలి? రాత్రి ప్రవచనం వీడియోలో వేస్తారంటారు, అందులో చూసి తెలుసుకోవలసినది ఏమైనా ఉంటుందా?

వీటన్నిటికంటే నన్ను తొలుస్తున్న సందేహం మరొకటి ఉంది. మా స్టాఫ్ రూమ్‌లోకి నేను అడుగుపెట్టిన క్షణంలో ఒక్కోసారి మాటలు ఠక్కున ఆగిపోతాయి. అప్పుడు గదిలో ముగ్గురున్నారో, పదిమంది ఉన్నారో, అసలు ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. చూపున్నవారికి మౌనంలో మనుషులు కనబడుతూనే ఉంటారు. నాకు మాట ఆగిపోతే మనిషే మాయమైపోతాడు. వంద మంది మధ్య తొమ్మిది రోజులు అలా గడపడం ధ్యానానికి తోడ్పడుతుందా, లేక నన్ను ఒక బావిలోకి దించినట్టు ఉంటుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.


జవాబు: నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

మాస్టారికి నమస్కారం.

నేను తపాలా శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందాను. పది రోజుల శిబిరాలు నాలుగు చేశాను, మరో మూడింటిలో ధర్మసేవకుడిగా, అంటే సాధకుల అవసరాలు చూసే సేవకుడిగా, పనిచేశాను. ఆ మూడింటిలో ఒకదానికి చూపు లేని యువకుడొకరు సాధకుడిగా వచ్చారు. ఆయన బాధ్యత నాకు అప్పగించారు. ఆ పది రోజుల్లో నేను నేర్చుకున్నదీ, నేను చేసిన పొరపాట్లూ రెండూ చెబుతాను.

మీకు ఫోన్‌లో చెప్పిన సమాధానంలో ఒక పెద్ద లోపం ఉంది. సాధకులు ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, నిజమే. కాని భోజనం, వసతి, ఆరోగ్యం వంటి అవసరాల గురించి సేవకులతో మాట్లాడవచ్చు, సాధన గురించి ఆచార్యులతో మాట్లాడవచ్చు. ఇది మీ కోసం ఇచ్చే మినహాయింపు కాదు, అందరికీ ఉన్న నియమమే. అందువల్ల మీకు కావలసిన తోడు మీ బావమరిది కాదు. మగవారి వైపు పనిచేసే ఒక సేవకుడు, పది రోజులూ మారకుండా ఒకే వ్యక్తి, ప్రతి ఉదయం గోడ మీది కాగితాన్ని మీ గది గుమ్మం దగ్గర నిలబడి మెల్లగా చదివి చెప్పడానికి సిద్ధపడితే సగం సమస్య తీరుతుంది. ఇది ముందుగానే మాట్లాడుకోవలసిన విషయం. శిబిరం మొదలైన తర్వాత సేవకులకు వంటశాలలోనూ గంట దగ్గరా ఊపిరి సలపనంత పని ఉంటుంది.

రెండవది, మీరు చేరే రోజు. ఆ మధ్యాహ్నం నుంచి నమోదు జరుగుతుంది, మౌనం రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో మొదలవుతుంది. ఆ నాలుగైదు గంటలూ మీకు బంగారం వంటివి. అందరికంటే ముందు చేరుకోండి. సేవకుడితో కలిసి గది నుంచి మందిరానికి, మందిరం నుంచి భోజనశాలకు, భోజనశాల నుంచి గదికి కనీసం నాలుగుసార్లు నడవండి, ఒకసారి ఆయన మోచేయి పట్టుకుని, మిగతా సార్లు మీ కర్రతో మీరే. నేను ఆ యువకుడితో రెండుసార్లు మాత్రమే నడిచి సరిపోతుందనుకున్నాను. మరుసటి తెల్లవారుజామున ఆయన కుళాయిల వైపు మళ్ళిపోయి, అడగడానికి నోరు తెరవవచ్చునో లేదో తెలియక, గంట మోగడం ఆగిపోయిన తర్వాత కూడా పావుగంట సేపు అక్కడే నిలబడి ఉన్నారు. నేను వెళ్ళి గబుక్కున చేయి పట్టుకుని లాగాను. ఆయన ఉలిక్కిపడ్డారు. ఆ ఉలికిపాటు నాకు ఇప్పటికీ గుర్తుంది. మాట లేని చోట, తెలియని చేయి ఒంటి మీద పడితే ఎవరికైనా అలాగే ఉంటుంది. ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాము. నేను దగ్గరికి వచ్చి నా మోచేతి వెనుక భాగాన్ని ఆయన చేతి వెనుకకు ఆనిస్తాను. అవసరమైతే ఆయనే పట్టుకుంటారు, లేకపోతే లేదు. స్పర్శ కూడదన్న నియమం గురించి ఆచార్యులను అడిగితే, దారి చూపించడానికి పట్టుకునే మోచేయి ఆ నియమం కిందికి రాదని వెంటనే చెప్పారు.

గది నుంచి మందిరం మెట్ల దాకా కొబ్బరి తాడు నడుము ఎత్తున కట్టాము. మలుపు ఉన్న చోట తాడుకు ఒక ముడి, మెట్లు మొదలయ్యే చోట రెండు ముళ్ళు. ఖర్చు ఏమీ కాలేదు, ఉదయపు విరామంలో ఇద్దరం కలిసి కట్టేశాము. మందిరంలో ఆయనకు గోడ పక్కన, వరుస చివరన ఆసనం మార్పించాము. తలుపు నుంచి గోడను వేళ్ళతో తాకుతూ నడిస్తే నాలుగవ స్తంభం దగ్గర ఆసనం. భోజనశాలలో పళ్ళేన్ని గడియారం ముఖంగా అనుకుని, అన్నం ఆరు గంటల దిక్కున, పప్పు తొమ్మిదిన, కూర పన్నెండున, మజ్జిగ గ్లాసు పళ్ళెం బయట మూడు గంటల దిక్కున, రోజూ అదే వరుస. అయిదవ రోజున కొత్తగా వడ్డించినవారు వరుస మార్చేశారు, ఆయన మజ్జిగ ఒలికిపోయింది. చిన్న విషయంగానే కనిపిస్తుంది. కాని తుడవడానికి గుడ్డ ఎక్కడుందో అడగలేక ఆయన పళ్ళెం ముందు ఎంతసేపు కూర్చున్నారో నేను చూశాను కనుక దానిని చిన్న విషయమని అనలేను.

ప్రవచనం గురించి మీకు బెంగ అక్కరలేదు. తెలుగువారికి తెలుగు అనువాదం వినిపిస్తారు, అందులో చూసి తెలుసుకోవలసినది ఏమీ లేదు. బోధన అంతా చెవి ద్వారానే సాగుతుంది. గోయెంకా గారు 1969లో మన దేశంలో నేర్పడం మొదలుపెట్టారు, 2013లో కాలం చేశారు. ఇప్పటికీ ప్రతి శిబిరంలో సూచనలు ఆయన గొంతు రికార్డింగుల ద్వారానే వస్తాయి, వెనువెంటనే తెలుగు వస్తుంది. కళ్ళు మూసుకుని ఆ గొంతు వినేటప్పుడు మందిరంలో ఉన్న అందరూ మీతో సమానమే. మొదటి మూడున్నర రోజులు ముక్కుపుటాల దగ్గర శ్వాస, ఆ తర్వాత తల నుంచి కాలి వేళ్ళ దాకా శరీరంలో కలిగే సంవేదనలు. వీటిలో దేనికీ కంటితో పని లేదు. చూపుతో పని పడేదల్లా గోడ మీది కాగితాలకూ, మెట్లకూ, కుళాయిలకూ.


జవాబు: పాలకొండ రోడ్డు

అభిప్రాయభేదానికి క్షమించాలి. పై జవాబులో ఉన్న మంచి మనసును కాదనను. కాని నేను చేసిన శిబిరంలో సేవకులు ముగ్గురే, సాధకులు డెబ్బై మందికి పైగా. ఒక్కరి కోసం ఒక సేవకుడిని కేటాయించడం ప్రతి కేంద్రానికీ సాధ్యం కాదు. అదీ కాక, తెల్లకర్ర టకటకలు, సేవకుడు గుసగుసగా చదివే మాటలు పక్కవారి ఏకాగ్రతకు అడ్డు తగలవా? రోజుకు పది గంటల సాధన చూపున్నవారికే గట్టి పరీక్ష. మూడవ రోజున సంచి సర్దుకుని వెళ్ళిపోయినవారిని చూశాను. మాస్టారు ఇంటి దగ్గరే, అలవాటైన గదిలో, రోజుకు మరో గంట పెంచుకుంటే మేలు కదా అని నా మనవి.


జవాబు: వంశధార (ఆమదాలవలస)

మాస్టారు గారికీ, పెద్దలందరికీ నమస్కారం. నాకు పుట్టుకతోనే చూపు లేదు. బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాను. మూడేళ్ళ క్రితం పది రోజుల శిబిరం పూర్తి చేశాను. మొదటిసారి దరఖాస్తు పెట్టినప్పుడు నాకు కూడా దాదాపు మాస్టారికి వచ్చిన జవాబే వచ్చింది, రెండవసారి వేరొక కేంద్రం అంగీకరించింది. కనుక పాలకొండ రోడ్డు గారి మాటకు ముందుగా జవాబు చెప్పాలనిపిస్తోంది.

ఇంటి దగ్గరే చేసుకోండి అన్న మాట నేను బడికి వెళ్ళే వయసులో విన్నాను, కంప్యూటర్ నేర్చుకుంటానన్నప్పుడు విన్నాను, బ్యాంకు పరీక్ష రాస్తానన్నప్పుడు విన్నాను. చెప్పినవారందరూ నా మేలు కోరినవారే. విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆస్థానానికి చెందిన ఒక ఉద్యోగి కుమారుడు, చూపు లేని పిల్లవాడు, సంగీతం నేర్చుకోవడానికి వీలుగా దానిని స్థాపించారని ఆ ఊరిలో చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వాయులీనం నేర్పారు, ఘంటసాల గారు అక్కడే చదువుకున్నారు. ఆ పిల్లవాడిని ఇంట్లో కూర్చుని పాడుకో నాయనా అని పంపేసి ఉంటే ఎలా ఉండేదో నేను చాలాసార్లు ఆలోచించాను.

కర్ర చప్పుడు సంగతి. మందిరంలోకి కర్ర తీసుకుని వెళ్ళవలసిన పనే లేదు, చెప్పుల దగ్గర మడిచి పెట్టేస్తాము. ఇక ఏకాగ్రతకు అడ్డు అంటే, నా వెనుక కూర్చున్నావిడ మూడు రోజులు ఏకధాటిగా దగ్గారు. ఆవిడను ఎవరూ ఇంటికి పొమ్మనలేదు, అనకూడదు కూడా. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉన్నది, సహేతుకమైన సర్దుబాటు అనే మాటను నిర్వచించింది. అవతలివారి మీద మోయలేని భారం పడకుండా, అవసరమైన మేరకు చేసే తగిన మార్పు అని దాని భావం. ఒక కొబ్బరి తాడు, వరుస చివర ఒక ఆసనం, ఉదయం రెండు నిమిషాల చదువు. ఇందులో మోయలేని భారం ఎక్కడుందో నాకు తెలియలేదు.

ఇక మాస్టారు గారూ, బావి గురించి మీరు అడిగిన మాట. రెండవ రోజు సాయంత్రం నాకు సరిగ్గా అలాగే అనిపించింది. మాటలు లేని హాలులో నేను ఒక్కదాన్నే ఉన్నానని, అందరూ లేచి వెళ్ళిపోయారని, నాకు ఎవరూ చెప్పలేదని గట్టిగా నమ్మాను. గుండె దడదడలాడింది. చేయి చాపి పక్క ఆసనం మీద మనిషి ఉన్నారో లేదో తడిమి చూద్దామనుకుని, కూడదని ఆగాను. అప్పుడు వినడం మొదలుపెట్టాను. ఎడమ పక్కన ఎవరో శ్వాస వదిలేటప్పుడు ముక్కులో సన్నని ఈల వస్తోంది. ముందు వరుసలో ఒకరు మోకాలు మార్చినప్పుడు నూలు చీర రాసుకున్న చప్పుడు. నా తల మీద ఫ్యాను ప్రతి తిరుగుడుకూ ఒకసారి టక్కుమంటోంది. నిజానికి నా చోటు నేను తెలుసుకున్నది ఆ ఫ్యాను వల్లనే. నాలుగవ రోజు వచ్చేసరికి నా చుట్టూ ఉన్న ఎనిమిది మందిని వారి శ్వాసలతో గుర్తుపట్టేదాన్ని. మనుషులు మాయం కాలేదు, మెల్లగా తేలి వచ్చారు. అయితే అందరికీ ఇలాగే జరుగుతుందని నేను మాట ఇవ్వలేను. ఆ రెండవ రోజు సాయంత్రం ఆచార్యుల దగ్గరికి వెళ్ళి నా భయం చెప్పుకున్నాను. ఆవిడ ఒక చిన్న ఏర్పాటు చేశారు. సామూహిక సాధన ముగిశాక సేవిక నా ముందుగా వెళ్ళేటప్పుడు నేల మీద ఒక్కసారి పాదం తట్టి వెళ్ళేది. మిగతావారు ఇంకా ఉన్నారో, లేచారో నాకు తెలిసిపోయేది. అడగండి మాస్టారూ. అడగడం మౌనభంగం కాదు.

గడియారం విషయంలో ఒక మాట. మాట్లాడే గడియారం తీసుకువెళ్ళకండి, నిశ్శబ్దంలో అది అందరినీ ఉలిక్కిపడేలా చేస్తుంది. మూత తెరిచి ముళ్ళను వేలితో తడిమే బ్రెయిలీ చేతిగడియారం తీసుకువెళ్ళండి. అధిష్ఠానంలో, అంటే కదలకుండా కూర్చునే గంటలో మాత్రం దానిని తీసి పక్కన పెట్టేసేదాన్ని, లేకపోతే వేలు అటే పోతుంది.

రైలు గురించి. శ్రీకాకుళం రోడ్డు నుంచి ఏలూరు వరకు వెళ్ళి, అక్కడికి దగ్గరలో విజయరాయి వద్ద ఉన్న ధమ్మ విజయ కేంద్రానికి చేరవచ్చు, మీకు విజయనగరం నుంచి అదే దారి. చూపు లేనివారికీ, తోడు వచ్చే ఒకరికీ స్లీపర్‌లో 75 శాతం రాయితీ ఉంటుంది. మిమ్మల్ని దింపి మీ బావమరిది గారు ఒంటరిగా తిరిగి వచ్చే టికెట్టుకు మాత్రం ఆ రాయితీ వర్తించదు.


జవాబు: కంటి విభాగం (విజయనగరం)

నేను కంటి వైద్య విభాగంలో పనిచేస్తున్నాను. పైవారు చెప్పని మూడు సంగతులు మాత్రం చెబుతాను.

మాస్టారు గారు వెలుతురు కూడా తెలియదని రాశారు. మన శరీరంలోని గడియారం ఇరవై నాలుగు గంటలకు కొంచెం అటూ ఇటూగా నడుస్తుంది, రోజూ కంటిలోకి వచ్చే వెలుతురు దానిని సరిచేస్తూ ఉంటుంది. వెలుతురు అసలే అందని చాలామందిలో ఆ గడియారం రోజుకు కొద్ది కొద్దిగా జరుగుతూ పోయి, కొన్ని వారాలు రాత్రి హాయిగా నిద్ర పట్టడం, మరి కొన్ని వారాలు పగలు తూలడం, రాత్రి మెలకువగా ఉండడం జరుగుతాయి. మీకు అటువంటి చక్రం ఉన్నదేమో రెండు నెలలపాటు నిద్రవేళలు నమోదు చేసి చూసుకోండి. ఉంటే, నిద్ర రాత్రికి కుదిరే వారాల్లో వచ్చే శిబిరం ఎంచుకోండి, మీ వైద్యుని సలహా కూడా తీసుకోండి. నాలుగు గంటలకు లేవడం మీకు పట్టుదల పరీక్షగా కాక శరీరంతో పోరాటంగా మారకూడదు.

చూపు పోయిన కొందరికి, మనసు చక్కగా ఉన్నప్పటికీ, ముగ్గులవంటి గీతలు, ముఖాలు, చిన్న చిన్న మనుషులు కనబడతారు. 1760లో స్విట్జర్లాండ్‌కు చెందిన చార్ల్స్ బోనెట్ తన తాతగారి అనుభవం ఆధారంగా దీనిని వర్ణించాడు, అందుకే అది ఆయన పేరుతో పిలవబడుతోంది. సందడి లేని చోట, ఊరికే కూర్చున్నప్పుడు ఇవి ఎక్కువగా వస్తాయి. శిబిరంలో అటువంటివి కనబడితే అది ధ్యానంలో సిద్ధి కాదు, మతిభ్రమ కూడా కాదు. ఆచార్యులకు ఈ సంగతి తెలియకపోవచ్చు కనుక దరఖాస్తులోనే రాయడం మంచిది. మానసిక వ్యాధికి చికిత్స పొందుతున్నవారి సంగతి వేరు. వారు వైద్యునికీ కేంద్రానికీ అన్నీ చెప్పి, ఇద్దరూ సరేనన్న తర్వాతే వెళ్ళాలి.

ఇది చదివే గ్లకోమా రోగులకు ఒక మాట. చుక్కల మందు ఒక్క పూట కూడా మానకండి. ఏ సీసా ఏదో తడిమితే తెలిసేలా రబ్బరు బ్యాండు చుట్టుకోండి, వేళలు సేవకుడికి చెప్పి ఉంచండి.


జవాబు: నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

కంటి మందుల మాట వచ్చింది కనుక ఒక కథ గుర్తుకు వచ్చింది. ధమ్మపదంలో మొట్టమొదటి గాథకు వ్యాఖ్యానంలో చెప్పే కథ చక్ఖుపాలుడనే భిక్షువుది. భిక్షువులు వానాకాలంలో ఒకేచోట ఉండే వర్షావాసం మూడు నెలలూ నడుము వాల్చనని వ్రతం పట్టి, వైద్యుడు పడుకుని వేసుకోమన్న మందును కూర్చునే వేసుకున్నాడు. చూపు పోయింది, అదే క్షణంలో అర్హతుడు, అంటే విముక్తుడు, అయ్యాడు. ఆ తర్వాత అతని కర్ర కొన పట్టుకుని శ్రావస్తికి నడిపించడానికి మేనల్లుడు వచ్చాడు. దారిలో ఆ కుర్రవాడు శీలం తప్పితే, ఇక నా కర్ర పట్టుకోవద్దని చక్ఖుపాలుడు అడవిలోనే నిలిచిపోయాడు. చివరికి శ్రావస్తి చేరిన తర్వాత, వాన వెలిసిన రాత్రి నడక దారిలో అతని కాళ్ళ కింద పురుగులు చనిపోతే, చూడవచ్చిన భిక్షువులు ఫిర్యాదు చేశారు. అతడు చంపుతుంటే మీరు చూశారా అని బుద్ధుడు అడిగాడు. చూడలేదన్నారు. మీరు అతన్ని చూడనట్టే అతడూ పురుగులను చూడలేదు, చంపాలన్న తలంపు లేనిదే దోషం లేదన్నాడు. మన పల్లెల్లో ఇప్పటికీ కర్ర కొన పట్టుకునే నడిపిస్తారు. సేవకులకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఈ కథ చెప్పి, తర్వాత మోచేయి పట్టే పద్ధతి చూపిస్తే బాగుంటుందని మా కేంద్రం వారికి చెప్పాను.

పాలకొండ రోడ్డు గారూ, సేవకుల కొరత గురించి మీరు చెప్పింది వాస్తవం. అందుకే మాస్టారు తేదీ ఖాయం చేసుకుంటే, అదే శిబిరానికి సేవకుడిగా నేను దరఖాస్తు పెడతాను. పనికి మనిషి చాలకపోవడం అనే కారణం ఒకటి తగ్గుతుంది.


జవాబు: పాలకొండ రోడ్డు

అమ్మా వంశధార, మీ మాట నాకు తగిలింది. దగ్గిన ఆవిడ సంగతి నేను ఆలోచించలేదు. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.


జవాబు: గంటస్తంభం (విజయనగరం)

అందరికీ కృతజ్ఞతలు. జవాబులన్నిటినీ టాక్‌బ్యాక్ చేత రెండుసార్లు చదివించుకున్నాను. వంశధార గారి ఫ్యాను దగ్గర ఆపి మరోసారి విన్నాను.

నేను చేసిన తప్పు ఒకటి ఇప్పుడు అర్థమైంది. ఫోన్‌లో నేను రావచ్చునా అని అడిగాను. అలా అడిగితే కాదనడం సులువు. ఈసారి నాకు ఏమేమి కావాలో స్పష్టంగా ఉత్తరం రాసి పంపి, ఆ తర్వాత ఫోన్ చేస్తాను. పది రోజులూ మారని ఒక సేవకుడు, చేరిన రోజు మధ్యాహ్నం నాలుగు నడకలు, గోడ పక్కన వరుస చివరి ఆసనం, ఉదయం కాగితం చదివి వినిపించడం, తాడు కట్టడానికి అనుమతి, తాడు నేనే తెస్తాను. సదరం సర్టిఫికెట్టు నకలూ, నా కంటి పరిస్థితిపై వైద్యుని ఉత్తరమూ జతచేస్తాను. నిద్రవేళలు ఈ రాత్రి నుంచే నమోదు చేస్తున్నాను. రెండు నెలలంటే వేసవి సెలవులకు సరిపోతుంది.

పోయిన నెల పిల్లలను రామతీర్థం గురుభక్తుల కొండకు తీసుకువెళ్ళాను. బౌద్ధ విహారాల పాఠం పుస్తకంలో చెప్పడం కంటే అక్కడ చెబితే బాగుంటుందని. ఎనిమిదవ తరగతి కుర్రవాడొకడు నా చేతిని పట్టుకుని ఇటుకల మీద పెట్టి, మాస్టారూ, ఇది భిక్షువుల గది గుమ్మం, ఇక్కడ ఇద్దరు కూడా పట్టరు అన్నాడు. నేను ఆ గదిలోకి వెళ్ళి కాసేపు కూర్చున్నాను. పిల్లలు మాట్లాడడం ఆపేశారు. వాళ్ళు అక్కడే ఉన్నారని నాకు ఎలా తెలిసిందో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు గుర్తు చేసుకుంటే, ఒక పిల్లవాడు సంచి గొలుసు వేలితో ఆడిస్తున్నాడు.

నాగావళి ఒడ్డు వారికి ఒక విన్నపం. తాడు ఎన్ని గజాలు పట్టిందో చెబితే, ఆదివారం సంతలో కొని ఉంచుతాను.


జవాబు: నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

మాకు నలభై గజాలు పట్టింది, మాస్టారూ. అరవై తీసుకోండి. ముళ్ళకు కొంత పోతుంది.